గెడ్డకి రెండు దారులు: భీమిలి దగ్గర తేలే అడ్డు, కయాక్‌లు, దిద్దుకున్న లెక్కలు

ఊరి గెడ్డలో (చిన్న వాగులో) కొట్టుకొచ్చే చెత్తని తేలే అడ్డుతో ఆపి ఎత్తే పని ఎందుకు మొదలుపెట్టామో, మొదటి ఆదివారం ఎంతమంది వచ్చారో, ఎన్ని ఫొటోలు దిగామో వదిలేస్తున్నాను. రెండో ఆదివారానికి సగం మంది రాలేదు. ఆ మిగిలిన సగంతో 16 వారాలు ఏం చేశామో, ఏది పాడైందో, ఎందుకు మార్చామో ఇక్కడ రాసి పెడుతున్నాను. మీ ఊళ్లో ఎవరైనా ఇదే పని చేయాలనుకుంటే మా డబ్బు, మా నడుము నొప్పి మీకు మిగులుతాయి.

గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి రిజర్వాయరు దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొగ (నది సముద్రంలో కలిసే చోటు) వెనకాల నీళ్లు వెడల్పుగా నిలుస్తాయి. మా క్లబ్బు కయాక్‌లు దించేది అక్కడే. సొంత కయాక్‌లు 4, అడిగి తెచ్చుకునేవి 2, క్రమం తప్పకుండా వచ్చే మనుషులు 11 మంది. నదిలోకి చెత్త ఎక్కువగా దిగేది ఊరి వైపు నుంచి వచ్చే ఒక చిన్న గెడ్డలోంచి. పని అంతా ఆ గెడ్డ నోటి దగ్గర 200 మీటర్లలోనే.

దశ 0: కొలతలు (ఒకటి తప్ప అన్నీ సరిగ్గానే)

1. వెడల్పు. తాడుకి మీటరుకో ముడి వేసి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి లాగాం. పోటప్పుడు (సముద్రం నీళ్లు లోపలికి ఎక్కినప్పుడు) 14 మీటర్లు, ఆటప్పుడు (అవి దిగిపోయినప్పుడు) 9 మీటర్లు.
2. లోతు. వెదురు కర్రకి టేపు అంటించి దించాం. మొదటిసారి 2.2 మీటర్లు వచ్చింది. అందులో 60 సెంటీమీటర్లు బురదే. కర్ర మొనకి పాత స్టీలు పళ్లెం బిగించాక పోటు లోతు 1.6, ఆటు లోతు 0.5 అని తేలింది.
3. వేగం. ముందు ఖాళీ సీసా వేశాం. సముద్రం గాలికి అది ఎగువకి పోయింది, గెడ్డ వెనక్కి పారుతోందని నోట్‌బుక్‌లో రాసుకున్నాం కూడా. తర్వాత పీచు తీయని కొబ్బరికాయ వేశాం. అది చాలావరకు నీళ్లలో మునిగి తేలుతుంది, గాలికి పెద్దగా లొంగదు. 10 మీటర్లు దాటడానికి 22 సెకన్లు, అంటే సెకనుకి 0.45 మీటర్లు. ఇది పై నీటి వేగం. మొత్తం ప్రవాహం లెక్క కావాలంటే దీన్ని సుమారు 0.85తో గుణించాలి. తేలే చెత్తకి మాత్రం పై వేగమే లెక్క.
4. వేళ. ఆటుపోట్ల పట్టికలో ఉన్న టైముకీ, మా గెడ్డలో నీళ్లు నిజంగా తిరిగే టైముకీ దాదాపు 40 నిమిషాల తేడా ఉంది. మొగ ఇరుకు కాబట్టి లోపలికి నీళ్లు ఆలస్యంగా వస్తాయి. మొగ దగ్గర ఇసుక మేట కదిలినప్పుడల్లా ఈ తేడా మారుతుంది. నెలకోసారి మళ్లీ చూసుకోవాలి.

తప్పు ఎక్కడంటే, వేగం 6 సార్లు కొలిచాం. ఆరూ ఆదివారం పొద్దున్నే, ఆరూ ఆటు మీద ఉన్నప్పుడే. అది ఆ రోజుల్లో మాకు తట్టలేదు.

ఖర్చు: వేలాడే తూకం 650, గ్లౌజులు 480, కొబ్బరికాయలు 60, నీటిలో ఆక్సిజన్ చూసే కిట్ 1,900.
ఇప్పటిదాకా ఖర్చు: రూ. 3,090

దశ 1: మొదటి అడ్డు, 9 రోజులు

110 మిల్లీమీటర్ల పీవీసీ పైపులు 3, ఒక్కోటి 6 మీటర్లు. రెండు చివరలా మూతలు పెట్టి సొల్యూషన్‌తో అంటించాం. ఆ సైజు పైపు మీటరుకి 9.5 లీటర్ల నీటిని పక్కకి నెడుతుంది, 6 మీటర్లకి 57. పైపు బరువు సుమారు 10 కిలోలు తీసేసినా ఒక్కోటి 45 కిలోల పైనే మోస్తుంది. తేలడంలో ఇబ్బంది రాలేదు.

కింద 40 సెంటీమీటర్ల పచ్చ షేడ్ నెట్ వేలాడదీశాం. మేం దాన్ని పావడా అంటాం. అడుగున బరువు కోసం మెకానిక్ షెడ్డులో పారేసిన బైకు చైన్లు కట్టాం, ఊరికే ఇచ్చాడు. గట్టున ఇనుప రాడ్లు దిగ్గొట్టి, 10 మిల్లీమీటర్ల తాడుతో గెడ్డకి అడ్డంగా కట్టేశాం.

పావడా 9 రోజులకి బిగుసుకుపోయింది. షేడ్ నెట్ కన్నాలు చాలా సన్నం. పాచి పట్టేసి, వల కాస్తా గుడ్డ అయిపోయింది. 14 మీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల లోతు గుడ్డ మీద 0.45 వేగం నీళ్లు తోస్తే సుమారు 70 కిలోల బలం పడుతుంది. వేగం రెట్టింపైతే బలం 4 రెట్లు. పదో రోజు పొద్దున్న వెళ్లి చూస్తే ఎడమ గట్టు రాడ్లు రెండూ బురదలోంచి ఊడి, అడ్డు మొత్తం కుడి గట్టుకి అతుక్కుని ఉంది.

అంతకన్నా పెద్ద తప్పు ఆ తొమ్మిది రోజులూ కళ్ల ముందే జరుగుతున్నా మేం గుర్తించలేదు. ఆదివారం పొద్దున్న అడ్డు నిండా చెత్త ఉండేది. సాయంత్రం తీద్దాంలే అని వెళ్తే సగం కూడా ఉండేది కాదు. ఎవరో తీసేస్తున్నారేమో అనుకున్నాం. గట్టున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడిగాం.

"బాబాయ్, ఇక్కడ చెత్త ఎవరైనా ఎత్తుతున్నారా?"

"ఎవులెత్తుతారు బాబూ? గెడ్డకి ఒకటే దారనుకున్నారేటి? పోటొస్తే అదే గెడ్డ ఎనక్కెల్తాది. మీ చెత్త కూడా ఎల్తాది."

అంతే. పోటు రాగానే అడ్డు ముందు పోగైన చెత్త అంతా తిరిగి ఊరి వైపు పోతోంది, తర్వాతి ఆటుకి మళ్లీ వస్తోంది. ఒకే సీసాని నాలుగుసార్లు చూసి నాలుగు సీసాలు అనుకుని ఉంటాం.

దీన్ని కొలవడానికి కొబ్బరి డొక్కలు వాడాం. గుడి దగ్గర కావలసినన్ని దొరుకుతాయి, నీళ్లలో వదిలినా కుళ్లిపోయేవే. ఆటు మొదలయ్యాక ఎగువన 20 వదిలాం. 17 అడ్డు దగ్గరికి చేరాయి. పోటు వచ్చి వెళ్లాక లెక్కపెడితే మిగిలినవి 4.

ఖర్చు: పైపులు 3,450, మూతలు 540, సొల్యూషన్ 160, షేడ్ నెట్ 1,200, తాడు 900, రాడ్లు 700.
ఇప్పటిదాకా ఖర్చు: రూ. 10,040

దశ 2: ఏటవాలుగా, తలుపుతో

మార్చినవి, ఎందుకు మార్చామో:

1. రాడ్ల బదులు సరివి (సరుగుడు) కర్రలు. గట్టుకి నాలుగేసి. బురద దాటి కింద గట్టి ఇసుక తగిలేదాకా, అంటే దాదాపు మీటరున్నర దిగ్గొట్టాం. కర్రకి నిచ్చెన వేసి పైనుంచి సుత్తితో కొడితే కర్ర చీలింది. ఇద్దరు పట్టుకుని అటూ ఇటూ ఊపుతూ, కర్ర మొదలు దగ్గర బకెట్‌తో నీళ్లు పోస్తూ దించితే తేలిగ్గా దిగింది. ఈ ఉపాయం కూడా బాబాయ్‌దే.
2. షేడ్ నెట్ బదులు ఫిషింగ్ హార్బర్‌లో కొన్న పాత ట్రాలర్ వల ముక్క, 25 మిల్లీమీటర్ల కన్నాలది. చిన్నచిన్నవి జారిపోవా అని క్లబ్బులో వాదన జరిగింది. థర్మోకోల్, మూతలు, మూతున్న క్వార్టర్ సీసాలు నీటి పైనే తేలతాయి, వాటిని పైపే ఆపుతుంది. పావడా పని సగం మునిగి వచ్చే కవర్లని పట్టుకోవడమే. వాటికి 25 చాలు.
3. అడ్డాన్ని 45 డిగ్రీల ఏటవాలుగా తిప్పాం. తేలే అడ్డుకి ఎదురుగా తగిలే వేగం సెకనుకి 0.35 మీటర్లు దాటితే అడ్డు కిందనుంచి సరుకు దూరిపోవడం మొదలవుతుంది. సముద్రంలో చమురు తెట్టు ఆపే అడ్డులకి వాడే అంకె ఇది, చెత్తకీ దగ్గరగానే సరిపోయింది. మాది 0.45. ఏటవాలుగా పెడితే ఎదురు వేగం 0.32కి దిగింది, చెత్త పైపు వెంట జారుకుంటూ కుడి గట్టు మూలకి చేరుతోంది. దీనికి ఇంకో పైపు కావలసి వచ్చింది.
4. పడవల దారి. ఇది ముందే అడగాల్సింది, అడగలేదు. ఆ గెడ్డలోకి రోజూ రెండు మూడు నాటు పడవలు వచ్చి కట్టుకుంటాయి. అడ్డాన్ని రెండు రెక్కలు చేసి, ఒకదాని చివర ఇంకోదాని వెనక్కి వచ్చేలా, మధ్యలో 3 మీటర్ల సందు ఉంచాం. పడవ కొద్దిగా వంపు తిరిగి పోతుంది. చెత్తకి ఆ వంపు తిరగడం రాదు, చాలావరకు.
5. మూలలో తలుపు. కుడి గట్టు మూలలో, చెత్త నిలవడానికి, పశువులకి కట్టేలాంటి 3 మీటర్ల దొడ్డి కర్రలతో కట్టాం. దాని నోట్లో వల గుడ్డ ఒకటి పైనుంచి వేలాడుతుంది. ఆటు నీళ్లు దాన్ని లోపలికి తోసి తెరుస్తాయి, పోటు నీళ్లు వెనక్కి నెట్టి మూస్తాయి. లోపలివైపు మాత్రమే తెరుచుకునేలా బయట ఒక వెదురు బద్ద అడ్డం పెట్టాం.

తలుపు అడుగున బరువు ఎంత అన్నదాని మీద వారం పోయింది. రెండు కిలోలు కడితే ఆటుకి కూడా తెరుచుకోలేదు. ఏమీ కట్టకపోతే పోటుకి పైకి తేలిపోయింది. 600 గ్రాముల చైన్ దగ్గర కుదిరింది.

మళ్లీ 20 డొక్కలు. అడ్డు దగ్గరికి చేరినవి 16, పోటు తర్వాత మిగిలినవి 15. అడ్డు దాకా రాని నాలుగింటిలో ఒకటి పడవల సందులోంచి పోయింది, మూడు దారిలో గడ్డిలో ఇరుక్కున్నాయి.

అనుమతి సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. మూడు ఆఫీసులు తిరిగాం, ప్రతి ఆఫీసూ ఇది తమది కాదంది. ఎప్పుడంటే అప్పుడు విప్పేసేదని, పడవలకి దారి ఉందని కాగితం రాసి, ఊరి మత్స్యకార పెద్దల సంతకాలతో ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఆఫీసుల కన్నా ముందు పెద్దల దగ్గరికి వెళ్లుంటే దశ 1 డబ్బు సగం మిగిలేది.

ఖర్చు: కర్రలు 960, వల 500, 14 మిల్లీమీటర్ల తాడు 1,400, పైపు 1,150, మూతలు 180.
ఇప్పటిదాకా ఖర్చు: రూ. 14,230

దశ 3: ఎత్తడం, లాగడం, పడిపోవడం

కయాక్ ఒక మనిషికి చేసిన బండి. చెత్త మోయడానికి కాదు. మాకు ఇది పడ్డాకే తెలిసింది. మూడో వారం వెనక భాగం మీద 18 కిలోల తడి బస్తాలు రెండు కట్టుకుని మలుపు తిరుగుతుండగా మా టీచరు గారి కయాక్ తిరగబడింది. లోతు 1.2 మీటర్లే, లైఫ్ జాకెట్ ఉంది, ఆవిడకి ఏమీ కాలేదు. బస్తా ఒకటి విప్పుకుని చెత్త అంతా మళ్లీ గెడ్డలోకి. తడి బస్తాలో నీళ్లు ఒక పక్కకి జారతాయి, ఆ జారడమే పడేస్తుంది. ఆ రోజు నుంచి కయాక్ మీద బస్తా పెట్టడం మానేశాం.

తర్వాత లారీ ట్యూబులు. మూడు కలిపి కట్టి, పైన వెదురు తడక పరిచాం. తేలింది, లాగడం సులువు, అందరూ మెచ్చుకున్నారు. నాలుగో ట్రిప్పులో పాత రాళ్లకి పట్టిన ఆల్చిప్పలు రెండు ట్యూబుల్ని కోసేశాయి. పంక్చరు వేయించాం, మళ్లీ కోసేశాయి.

ఇప్పుడు వాడుతున్నది: 100 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు, మూతలకి రబ్బరు వాషర్లు, మధ్యలో అదే వెదురు తడక. 120 కిలోల దాకా వేసినా తడక తడవదు.

లాగేటప్పుడు తెలుసుకున్నవి:

1. తాడు మీటరున్నర ఉంటే డ్రమ్ములు వచ్చి కయాక్ వెనక గుద్దుతాయి. 6 మీటర్లు ఉంటే తెప్ప ప్రవాహంలో ఒక పక్కకి కొట్టుకుపోయి మనల్ని కూడా తిప్పేస్తుంది. 3 మీటర్లు సరిపోయింది.
2. తాడు కయాక్‌కే కట్టాలి, నడుముకి ఎప్పుడూ కట్టకూడదు. ఒక కొస లాగితే ఊడిపోయే ముడి వేయాలి, ఆ కొస చేతికి అందాలి.
3. ఎదురు ప్రవాహంలో నిండు తెప్పని లాగడం వెర్రితనం. పోటుతో ఖాళీ తెప్పని గెడ్డలోకి తీసుకెళ్తాం, పోటు నిలిచిన అరగంటలో నింపుతాం, ఆటుతో బయటికి వస్తాం. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది కాబట్టి ఆదివారం పొద్దున్న 6 అనే టైము మాకు చెల్లదు. ఒక వారం 6కి, ఇంకో వారం మధ్యాహ్నం 12కి. ఇళ్లల్లో గొడవలు ఎక్కువగా దీనిమీదే.

మూడో నంబరు వల్ల క్లబ్బులోంచి ఇద్దరు తప్పుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం భోజనం వదులుకుని రావడం అందరికీ కుదరదు, వాళ్లని తప్పు పట్టను.

ఖర్చు: ట్యూబులు 1,050, తడక 400, డ్రమ్ములు 1,800.
ఇప్పటిదాకా ఖర్చు: రూ. 17,480
ఇప్పటిదాకా ఎత్తిన చెత్త (4 వారాలు): 412 కిలోలు

ఈ 412 మీద ఒక గీత గీసుకోండి.

దశ 4: 412 ఎలా 143 అయింది

ఐదో వారం పాత సామాన్ల కొట్టుకి 10 బస్తాలు తీసుకెళ్లాం. కొట్టాయన ఒక బస్తా వంచి, బురద చూసి, "ఇది కొనాలా, కడగాలా?" అన్నాడు. తూకం వేయకుండానే పంపేశాడు.

ఆ 10 బస్తాల్ని తిరిగి తెచ్చి సరిగ్గా తూచాం. ఒడ్డున తీసినప్పటి తూకం 118 కిలోలు. కన్నాల క్రేట్లలో పోసి, గుర్రపు డెక్క, ఆకులు, కర్రలు ఏరేసి, దులిపి, ఒక రోజంతా ఎండలో పెట్టి తూస్తే 41 కిలోలు.

118లో 77 కిలోలు నీళ్లు, బురద, గుర్రపు డెక్క. అదే పాళ్లలో మొదటి నాలుగు వారాల 412ని తగ్గిస్తే 143. ఇది అంచనాయే, ఆ బస్తాలు ఇప్పుడు లేవు. కానీ 412 కన్నా నిజానికి దగ్గర.

క్లబ్బు గ్రూపులో ఈ అంకె మార్చడానికి ఒప్పించేసరికి రెండు రోజులు పట్టింది. 412 అప్పటికే నలుగురికీ చెప్పేశాం, ఒక స్కూల్లో బోర్డు మీద కూడా రాశారు. నేను కూడా మొదట మార్చొద్దనే అన్నాను, ఇకనుంచి సరిగ్గా రాద్దాం అని. మా ఎలక్ట్రీషియన్ తమ్ముడు అడిగాడు, "అన్నా, వచ్చే వారం నుంచి 40 కిలోలు రాస్తే పని తగ్గించేశామనుకోరా?" దానికి నా దగ్గర జవాబు లేదు. మార్చేశాం, స్కూలుకి కూడా వెళ్లి చెప్పి వచ్చాం.

ఆ 41 కిలోల్లో ఏముందంటే: క్యారీ బ్యాగులు, పాల ప్యాకెట్లు, చిప్స్ కవర్లు 14. సీసాలు 9. చెప్పులు 5. గాజు సీసాలు 4. తాళ్లు, వల ముక్కలు 4. థర్మోకోల్ 2. మిగతావి 3. థర్మోకోల్ ఒక్కటే తూకంలో మోసం చేస్తుంది, 2 కిలోలకి రెండున్నర బస్తాలు నిండాయి. చెప్పుల్లో ఇప్పటిదాకా ఒక్క జత కూడా దొరకలేదు, అన్నీ ఒంటివే.

మూతలేని నీళ్ల సీసాలు అడ్డులో దాదాపు కనపడవు. ఆ ప్లాస్టిక్ నీటి కన్నా బరువు. మూత ఉంటే లోపలి గాలితో తేలుతుంది, లేకపోతే నిండి మునిగిపోతుంది. నైలాన్ వలలూ అంతే, మునుగుతాయి. అంటే మా లెక్కలో లేనివి గెడ్డ అడుగున ఉన్నాయి. రెండుసార్లు కొక్కెం వేసి ఈడ్చాం, ఒకసారి 7 కిలోల వల వచ్చింది, ఒకసారి కొక్కెమే పోయింది. దాన్ని ఈ లెక్కలో కలపలేదు.

2022 జులై 1 నుంచి నిషేధంలో ఉన్న ప్లాస్టిక్ గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. అయితే బరువులో అవి చాలా తక్కువ.

ఖర్చు: క్రేట్లు 600.
ఇప్పటిదాకా ఖర్చు: రూ. 18,080
ఎండు తూకం, మొదటి 4 వారాలు (సవరించినది): 143 కిలోలు
5 నుంచి 8 వారాలు: 41, 38, 35, 44
ఇప్పటిదాకా: 301 కిలోలు

దశ 5: నీళ్ల పరీక్ష, మధ్యాహ్నం అబద్ధం

కిట్‌తో నీటిలో కరిగిన ఆక్సిజన్ చూశాం. మధ్యాహ్నం 3 గంటలకి లీటరుకి 6.4 మిల్లీగ్రాములు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి స్నానానికి పనికొచ్చే నీటికి పెట్టిన హద్దు 5. అంటే పాసే. కంపు కొడుతున్న నీళ్లు పాసవడం నాకు నచ్చలేదు.

పట్టుబట్టి తెల్లవారుజామున 5:15కి వెళ్లి అదే చోట తీశాం. 1.7.

పగలు పాచి ఎండలో ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే పాచి, మురుగులోని సూక్ష్మజీవులు కలిసి దాన్ని పీల్చేస్తాయి. తెల్లారేసరికి అడుగంటుతుంది. మురుగు చెరువుల్లో చేపలు పొద్దున్నే పైకొచ్చి నోళ్లు తెరవడం అందుకే. మీరు కొలిస్తే ఒకటే గుర్తు పెట్టుకోండి, సూర్యోదయానికి ముందు తీసిన అంకె లేకపోతే మధ్యాహ్నం అంకె రాయకండి.

ఇంకో సంగతి. మా అడ్డు వల్ల ఈ 1.7 మారలేదు, మారదు కూడా. మేం ఆపేది తేలే చెత్తని. ఆక్సిజన్ని తినేది మురుగు. రెండూ ఒకే గెడ్డలో వస్తాయి కాబట్టి జనం ఒకటే అనుకుంటారు. 16వ వారంలో మళ్లీ తీశాం, 1.9. కిట్ రంగు పట్టీలో ఆ మాత్రం తేడా కంటికి కూడా ఆనదు.

దీంతో క్లబ్బులో పెట్టుకున్న నియమాలు:

1. కయాక్ తిరగబడితే పడి లేచే ప్రాక్టీసు గెడ్డలో బంద్. పెద్ద నదిలో, పోటు మీద మాత్రమే.
2. కాలికి బూట్లు లేకుండా వస్తే ఆ రోజు ఒడ్డునే ఉండాలి.
3. గాయం ఉన్నవాళ్లు నీళ్లలోకి రారు. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం గాయాల గుండా వస్తుంది. ధనుర్వాతం ఇంజెక్షన్ అందరూ వేయించుకున్నారు.

దశ 6: వాన రోజు

తొమ్మిదో వారం రాత్రంతా వాన. పొద్దున్న కొబ్బరికాయ వేస్తే 10 మీటర్లు 9 సెకన్లలో పోయింది. సెకనుకి 1.1 మీటర్లు. మామూలు రోజు కన్నా బలం ఆరు రెట్లు. అడ్డు కట్టే ఉంచితే కర్రలు పోతాయి, కర్రలు ఆగితే నీళ్లు వెనక్కి తన్ని ఊరి వైపు ఇళ్లలోకి వెళ్తాయి. రెండోది మరీ ప్రమాదం.

విప్పుదామని వెళ్తే ముడులు తడిసి బిగిసిపోయాయి. కత్తితో కోశాం. ఎడమ రెక్క ఊడి కుడి గట్టుకి వచ్చి పడింది, దెబ్బ తగల్లేదు. పోయింది 4 మీటర్ల తాడు, ఒక పైపు మూత.

ఇప్పుడు ఎడమ గట్టున ముడుల బదులు ఒక్క దెబ్బకి తెరుచుకునే స్టీలు కొక్కేలు ఉన్నాయి. పద్ధతి:

1. వాన హెచ్చరిక ఉంటే ముందు రోజు సాయంత్రమే దొడ్డి ఖాళీ చేయాలి.
2. ఎడమ కొక్కేలు తెరిచి, రెక్కని కుడి గట్టు వెంట వాలనివ్వాలి.
3. కొబ్బరికాయ 10 మీటర్లకి 15 సెకన్ల కన్నా ఎక్కువ తీసుకునేదాకా మళ్లీ కట్టకూడదు.

మొదటి వాన నీళ్లతోనే చెత్త ఎక్కువగా వస్తుందని తెలుసు. సరిగ్గా అప్పుడే అడ్డు తెరిచి ఉంటుంది. దీనికి మా దగ్గర మందు లేదు. ఆ వారం తూకం 6 కిలోలు.

ఖర్చు: కొక్కేలు 360.
ఇప్పటిదాకా ఖర్చు: రూ. 18,440
ఇప్పటిదాకా ఎండు తూకం: 307 కిలోలు
10 నుంచి 12 వారాలు: 40, 37, 39. ఇప్పటిదాకా 423 కిలోలు

దశ 7: గాట్ల డొక్కలు

వారానికి 40 కిలోలు ఎత్తడం అలవాటైపోయింది. అలవాటవడమే ఇబ్బంది. తీస్తున్నాం, వస్తోంది.

గెడ్డ ఎగువన మూడు కల్వర్టులు ఉన్నాయి. కొబ్బరి డొక్కలకి కత్తితో గాట్లు పెట్టాం. మొదటి కల్వర్టు కింద ఒక గాటువి 10, రెండో దాని కింద రెండు గాట్లవి 10, మూడో దాని కింద మూడు గాట్లవి 10. రంగు వేద్దామన్నారు, రంగు నీళ్లలో కలపడం ఎందుకని గాట్లతో సరిపెట్టాం.

వారం తర్వాత దొడ్డిలో దొరికినవి: ఒక గాటు 2, రెండు గాట్లు 8, మూడు గాట్లు 3. మొదటిదాని దిగువన గడ్డి, మూడోదాని దగ్గర పైపు సగం పూడిపోయి ఉన్నాయి. రెండోదాని నుంచి మాత్రం దారి ఖాళీ.

రెండో కల్వర్టు దగ్గరికి నడిచి వెళ్లాం. ఇన్ని వారాలు నీళ్ల మీదనుంచే చూశాం, రోడ్డు మీదనుంచి ఒక్కసారీ చూడలేదు. కల్వర్టు పక్కన ఖాళీ స్థలం, అందులో కుప్ప. చుట్టూ టిఫిన్ బళ్లు నాలుగు, ఒక కొబ్బరి బొండాల బండి. కుప్ప అంచు జారి కల్వర్టులో పడుతోంది.

ఒక బండి ఆవిడతో మాట్లాడాం. "చెత్త బండి ఏడింటికి వచ్చి ఎల్లిపోద్ది బాబూ. నా దుకాణం కట్టేది పదకొండింటికి. మర్నాడు ఏడింటి దాకా ఈ చెత్త నెత్తిన పెట్టుకుంటానేటి?"

ఆవిడ తప్పేమీ లేదు. కావలసింది పదకొండు నుంచి మర్నాడు ఏడు దాకా చెత్త ఉండే చోటు. మూతలున్న ఇనుప డ్రమ్ములు రెండు పెట్టాం, కుక్కలు తోయకుండా స్తంభానికి గొలుసుతో కట్టాం. చెత్త బండి అబ్బాయితో మాట్లాడితే పొద్దున్న వాటిని ఖాళీ చేస్తానన్నాడు, చేస్తున్నాడు. పాత కుప్ప అంచుకి, కల్వర్టుకి మధ్య మిగిలిపోయిన ట్రాలర్ వల రెండు మీటర్ల ఎత్తున కట్టాం.

మొదటి వారం ఒక డ్రమ్ము మూత పోయింది. ఇప్పుడు మూతకి కూడా గొలుసుంది.

ఖర్చు: డ్రమ్ములు 2,200.
ఇప్పటిదాకా ఖర్చు: రూ. 20,640
13 నుంచి 16 వారాలు: 33, 24, 19, 17
ఇప్పటిదాకా ఎండు తూకం: 516 కిలోలు

తూకం పడిపోయాక క్లబ్బులో ఒక విచిత్రమైన నిరుత్సాహం వచ్చింది. 17 కిలోలకి తెప్ప ఎందుకు, ఆరుగురు ఎందుకు అని. నిజమే, ముగ్గురు చాలు. ఇప్పుడు ముగ్గురేసి వంతులవారీగా వెళ్తున్నాం, మిగతావాళ్లు పెద్ద నదిలో తెడ్డు వేసుకుంటున్నారు. అసలు క్లబ్బు పెట్టింది దానికే కదా.

ఈ వారం పనుల పట్టీలో మిగిలినవి: దొడ్డి తలుపు వలకి చిరుగు, ఒక అడుగు పొడవు. ఎడమ గట్టున రెండో కర్ర వాలింది, అమావాస్య పోటుకి ముందే పక్కన ఇంకోటి దించాలి. పడవల సందు దగ్గర తాడు రాసుకుపోయి సన్నబడింది. 14 మిల్లీమీటర్లది, 12 మీటర్లు కావాలి. ఇంకా కొనలేదు.